విడిపోయాక హోమ్ లోన్ ఇన్సూరెన్స్ డబ్బు వెనక్కి రాబట్టుకోవడం ఎలా

ఇల్లు ఎవరికి, పిల్లలు ఎవరి దగ్గర, పెట్టిన బంగారం ఎంత, ఇచ్చిన లాంఛనాలు ఎంత. భార్యాభర్తలు విడిపోయేటప్పుడు పెద్దల మధ్య ఇవన్నీ లెక్కకొస్తాయి. హోమ్ లోన్ ఇచ్చిన రోజున అందులో కలిపేసిన ఇన్సూరెన్స్ ప్రీమియం మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. భీమవరంలో తీసుకున్నా అమలాపురంలో తీసుకున్నా, ఆ రోజు బ్యాంకులో గబగబా సంతకాలు పెట్టిన కాగితాల కట్టలో ఆ పాలసీ ఫారం కూడా ఉండే అవకాశం ఎక్కువ. దాని ప్రీమియం యాభై వేలు కావచ్చు, లక్ష దాటి కూడా ఉండవచ్చు.

మొదట ఒక సంగతి తేల్చుకోవాలి. ఈ పాలసీ ఇంటి మీద ఉండదు, మనిషి ప్రాణం మీద ఉంటుంది. లోన్ తీసుకున్నవాళ్లు పోతే మిగిలిన బాకీ కంపెనీ తీరుస్తుంది, అంతే. అందుకని విడాకుల డిక్రీ పట్టుకెళ్లి చూపించినంత మాత్రాన ఎవరూ పైసా ఇవ్వరు. డబ్బు వెనక్కి వచ్చే సందర్భాలు వేరు. లోన్ మొత్తం తీర్చి మూసేసినప్పుడు, లోన్ ఇంకో బ్యాంకుకి మారినప్పుడు, ఇద్దరి పేర్ల మీది లోన్ తీసేసి ఒకరి పేరు మీద కొత్తగా పెట్టినప్పుడు, పాలసీ చేతికొచ్చి ఇంకా 30 రోజులు దాటనప్పుడు, లేదా అసలు మీకు తెలియకుండా అంటగట్టినప్పుడు. విడిపోయిన జంటల్లో ఎక్కువమందికి మొదటి మూడింటిలో ఒకటి ఎలాగూ జరుగుతుంది. జరిగినప్పుడు ఇన్సూరెన్స్ సంగతి అడగరు, బ్యాంకువాళ్లు గుర్తు చెయ్యరు.

నెట్‌లో వెతికితే పీపీఐ (అప్పుకి జతచేసి అమ్మే ఇన్సూరెన్స్) రిఫండ్ అంటూ బోలెడు పేజీలు వస్తాయి. అవి బ్రిటన్‌వి. అక్కడ ఆ ఫిర్యాదులకి ఇచ్చిన గడువు 2019 ఆగస్టు 29తోనే అయిపోయింది. ఆ ఫారాలు, ఆ లెక్కలు ఇక్కడ పనికిరావు.

ముందు ఆ కాగితం దొరకాలి

మీకు కావలసింది సర్టిఫికెట్ ఆఫ్ ఇన్సూరెన్స్. బ్యాంకు తన ఖాతాదారులందరికీ కలిపి ఒక గ్రూప్ పాలసీ తీసుకుంటుంది, దాన్ని మాస్టర్ పాలసీ అంటారు. మీరు అందులో ఒక మెంబరు. మీ చేతికొచ్చేది రెండు మూడు పేజీల సర్టిఫికెట్ మాత్రమే. కాబట్టి పాలసీ బాండు కోసం బీరువా అంతా వెతికి లేదనుకుని వదిలెయ్యకండి.

సర్టిఫికెట్ కనబడకపోతే లోన్ స్టేట్‌మెంట్ మొదటి నెల నుంచి తీయించండి. లోన్ డబ్బు విడుదలైన రోజునో, రెండు మూడు రోజుల తేడాతోనో ఇన్సూరెన్స్ కంపెనీకి వెళ్లిన మొత్తం కనబడుతుంది. కనబడకపోతే పాలసీ లేదని కాదు. కొన్ని బ్యాంకులు ప్రీమియం కోసం వేరే నంబరుతో చిన్న లోన్ ఖాతా ఒకటి తెరుస్తాయి. నెలనెలా రెండు ఈఎంఐలు కట్ అవుతున్నాయేమో సేవింగ్స్ పాస్‌బుక్‌లో చూడండి. ఒకటి పాతికవేలు, ఇంకొకటి ఎనిమిది వందలు అన్నట్టు ఉంటే ఆ చిన్నది ఇదే.

ఈ చిన్న ఖాతా దగ్గర ఎక్కువమంది దెబ్బతింటారు. ఇల్లు అమ్మో, అన్నదమ్ముల దగ్గర అప్పు చేసో పెద్ద లోన్ కట్టేస్తారు. చిన్నది అలాగే ఉండిపోతుంది. సేవింగ్స్ ఖాతాలో డబ్బులుండవు, ఈఎంఐ తప్పుతుంది, ఆర్నెల్లకి ఇద్దరి సిబిల్ స్కోరూ పడిపోతుంది. విడిపోయాక ఆమె తణుకులో చిన్న ఫ్లాట్‌కి లోన్ పెట్టుకుంటే అప్పుడు బయటపడుతుంది. అందుకే ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ (లోన్ ముందుగా మూసెయ్యడానికి ఎంత కట్టాలో చూపే కాగితం) అడిగేటప్పుడు "నా కస్టమర్ ఐడీ కింద ఉన్న లోన్ ఖాతాలన్నిటికీ కావాలి" అని రాసివ్వండి.

సర్టిఫికెట్ దొరికాక చూడవలసినవి ఇవి. మెంబరు పేరు ఎవరిది, ఒక్కరిదా ఇద్దరిదా. ఇద్దరిదైతే ఎవరికి ఎంత కవర్ (పోతే కంపెనీ కట్టే మొత్తం) అని విడివిడిగా రాశారా (60, 40 అని లోన్ వాటా ప్రకారం ఉంటుంది), లేక ఇద్దరికీ కలిపి ఒకే కవరా. కవర్ మొదలైన తేదీ, ముగిసే తేదీ. కవర్ నెలనెలా తగ్గేదా, చివరిదాకా ఒకే మొత్తమా. నామినీ ఎవరు. ప్రీమియం ఎంత, దాని మీద జీఎస్టీ ఎంత. చివరగా సరెండర్ (గడువుకి ముందే పాలసీ వదులుకుని డబ్బు వెనక్కి తీసుకోవడం) అనే పేరా. ఆ పేరా చిన్న అక్షరాల్లో ఆఖరి పేజీలో ఉంటుంది, మన లెక్కంతా దాని మీదే నడుస్తుంది. మీ సర్టిఫికెట్‌లో అది లేకపోతే మాస్టర్ పాలసీలోని సరెండర్ నిబంధన కాపీ కావాలని కంపెనీకి మెయిల్ పెట్టండి.

లోన్ గడువు 20 ఏళ్లయినా కవర్ ఐదేళ్లకో పదేళ్లకో మాత్రమే తీసుకున్నవీ ఉంటాయి. ఆ గడువు దాటిపోయి ఉంటే అడగడానికి ఏమీ మిగలదు, తిరుగుడు దండగ.

లోన్ 2024 అక్టోబరు 1 తర్వాతదైతే పని కాస్త తేలిక. అప్పటినుంచి ప్రతి రిటైల్ లోన్‌కీ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (లోన్ ఖర్చులన్నీ ఒకచోట చూపే కాగితం) ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నియమం. ఇన్సూరెన్స్ పేరున వసూలు చేసింది అందులో విడిగా కనబడాలి.

వెనక్కి తీసుకోవాలా, ఉంచుకోవాలా

ఈ ప్రశ్న దగ్గర తొందరపడి నష్టపోయేవాళ్లున్నారు. లోన్ ఇంకా నడుస్తోంది, ఇల్లు ఆమెకి దక్కింది, ఇకమీదట ఈఎంఐ ఆమే కడుతుంది, పాలసీ కూడా ఆమె ప్రాణం మీదే ఉంది అనుకోండి. పాతిక ముప్పై వేల కోసం ఆ పాలసీ వదులుకోవడం తెలివైన పని కాదు. ఆమెకేమన్నా అయితే పిల్లలకి ఇల్లు మిగిలేది దానివల్లే. నలభై దాటాక, బీపీ షుగర్ వచ్చాక అంత కవర్ మళ్లీ కొనాలంటే ప్రీమియం ఎక్కువ అడుగుతారు, ఒక్కోసారి ఇవ్వనే ఇవ్వరు. ఆమె చెయ్యవలసింది సరెండర్ కాదు, నామినీ మార్పు.

దీనికి ఎదురు పరిస్థితి కూడా ఉంటుంది. ఇల్లు ఆమెకి వచ్చింది, ఆయన లోన్ నుంచి తప్పుకున్నాడు, పాలసీ మాత్రం ఆయన ప్రాణం మీద ఉంది. ఆమె కట్టే ఈఎంఐలో ఆయన పాలసీ ప్రీమియం, దాని వడ్డీ కూడా కలిసి ఉన్నాయి. ఇలాంటప్పుడు సరెండర్ చేయించి, వచ్చిన మొత్తాన్ని లోన్‌కి జమ చేయించి, ఆమె పేరు మీద విడిగా ఒక టర్మ్ పాలసీ తీసుకోవడం మంచి పద్ధతి. కొత్త పాలసీ చేతికొచ్చిన తర్వాతే పాతది వదలండి.

మూడోది ఎవరూ పట్టించుకోనిది. లోన్ మూసేసినా పాలసీ దానంతటది ఆగిపోదు. చాలా పాలసీల్లో మెంబరు సరెండర్ చెయ్యకపోతే కవర్ చివరి తేదీ దాకా నడుస్తుంది. లోన్ లేదు కాబట్టి ఆ డబ్బు నామినీకి వెళ్తుంది. నామినీ గడిలో పెళ్లయిన కొత్తలో రాసిన పేరే ఉంటుంది. విడాకులు అయినంతలో నామినేషన్ తనకు తాను రద్దు కాదు. పైగా 2015లో ఇన్సూరెన్స్ చట్టం 39వ సెక్షన్‌కి వచ్చిన సవరణ ప్రకారం, నామినీగా రాసిన జీవిత భాగస్వామికి ఆ డబ్బు మీద హక్కే ఉంటుంది, వారసులకి చేరవెయ్యడానికి తీసుకునే డబ్బు కాదు. తర్వాత మీ అమ్మగారో పిల్లలో కోర్టు మెట్లు ఎక్కాల్సి వస్తుంది. ఉంచుకుంటే నామినీ మార్చండి, లేదంటే సరెండర్ చెయ్యండి. రెండూ చెయ్యకుండా వదిలెయ్యకండి.

పాలసీ ఉన్న వ్యక్తికి పెద్ద జబ్బు బయటపడి ఉంటే సరెండర్ ఆలోచనే పెట్టుకోవద్దు.

ఎంత వస్తుంది

కట్టింది కట్టినట్టు రాదు. ముందే చెప్పుకుంటే తర్వాత బాధ ఉండదు. పాలసీ చేతికొచ్చి 30 రోజుల్లోపు అయితే, అంటే ఫ్రీ లుక్ గడువులో అయితే, ఆ కొన్ని రోజుల రిస్కు ప్రీమియం, వైద్య పరీక్షల ఖర్చు, స్టాంపు డ్యూటీ మినహాయించి మిగతాదంతా ఇవ్వాలి. అది దాటితే సరెండర్ లెక్కే.

ఒక లెక్క వేసి చూద్దాం. లోన్ 25 లక్షలు, 20 ఏళ్లు, వడ్డీ 8.75 శాతం. ఒకేసారి కట్టే ప్రీమియం 80,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 14,400. మొత్తం 94,400 లోన్‌లో కలిపేశారు. ఈ 94,400 కోసం మీరు నెలకి సుమారు 834 రూపాయలు ఈఎంఐ కడుతున్నారు. 20 ఏళ్లూ కడితే దాదాపు 2 లక్షలు. "ఎనభై వేలే కదండీ" అని కౌంటర్లో చెప్పిన పాలసీ అసలు ఖరీదు అది.

ఐదేళ్ల తర్వాత విడిపోయి లోన్ మూసేశారు. 240 నెలల్లో 180 మిగిలాయి. తగ్గే కవర్ పాలసీల్లో మామూలుగా మూడు అంశాలు గుణిస్తారు. మిగిలిన నెలల వాటా, అంటే 180ని 240తో భాగిస్తే 0.75. ఆ రోజుకి మిగిలిన కవర్ వాటా, ఈ ఉదాహరణలో సుమారు 0.884. ఇక పాలసీలో రాసుకున్న శాతం, అది 50 అనుకుందాం. 80,000ని 0.75తో, 0.884తో, 0.50తో గుణిస్తే 26,500 పైచిలుకు వస్తుంది. పాలసీలో 70 శాతం అని ఉంటే అదే 37,000 దాటుతుంది. ఆ శాతం పాలసీకో రకంగా ఉంటుంది కాబట్టి సరెండర్ పేరా చదవకుండా ఎవరి లెక్కా నమ్మొద్దు. గుణకారం ప్రీమియం మీదే జరిగిందని గమనించారు కదా. జీఎస్టీ ఆ లెక్కలోకి రాదు, ప్రభుత్వానికి పోయింది పోయినట్టే.

నెలలు గడిచేకొద్దీ ఈ మొత్తం కరిగిపోతుంది. కంపెనీ మీ దరఖాస్తు అందిన తేదీని లెక్కలోకి తీసుకుంటే, లోన్ మూసేశాక ఏడాది ఆలస్యంగా అడిగినవాళ్లకి ఆ ఏడాది వాటా పోతుంది. పాత పన్ను పద్ధతిలో 80సీ కింద ఈ ప్రీమియం చూపించి, రెండేళ్లు నిండకుండా సరెండర్ చేస్తే ఆ మినహాయింపు తిరిగి ఆదాయంలో కలుస్తుంది. ఆడిటర్‌కి ఒక మాట చెప్పండి.

లోన్‌తో పాటు ఇంకో రెండు రకాలు కూడా అంటించి ఉండవచ్చు. ఒకటి ఇంటి బిల్డింగు మీద అగ్నిప్రమాదం, వరదలకి తీసుకున్నది. ఇల్లు ఎవరికి దక్కితే వారి పేరుకి మార్పించుకోవడం మేలు. ఏటిగట్టు పక్కన, లంక గ్రామాల్లో ఉన్న ఇంటికి దాన్ని రద్దు చేసుకోమని మేం చెప్పం. రెండోది ఉద్యోగం పోతే మూడు నెలల ఈఎంఐ కట్టే రకం. ఇది జనరల్ ఇన్సూరెన్స్, రద్దు చేసుకుంటే ఇంకా మొదలు కాని సంవత్సరాల ప్రీమియం అడగవచ్చు. రొయ్యల చెరువులు, కొబ్బరి తోటల మీద ఆదాయం ఉన్నవాళ్లకి, అంటే జీతం లేనివాళ్లకి ఈ రెండోది అమ్మి ఉంటే అది పనికిరాని పాలసీ. ఉద్యోగమే లేనివారికి ఉద్యోగం పోయిందన్న క్లెయిమ్ ఎలా వస్తుంది? ఆ కారణం రాసి మొత్తం ప్రీమియం అడగండి.

అడగవలసింది ఎవరు, తీసుకోవలసింది ఎవరు

సర్టిఫికెట్‌లో మెంబరుగా ఎవరి పేరు ఉంటే వారే సంతకం పెట్టాలి. ఇద్దరి పేర్లూ ఉంటే ఇద్దరూ పెట్టాలి. ఈఎంఐ ఇన్నాళ్లూ ఎవరు కట్టారన్నది కంపెనీకి అనవసరం. లోన్ ఇంకా ఉంటే ఆ డబ్బు మామూలుగా లోన్ ఖాతాకే పోతుంది. లోన్ మూసి ఉంటే మెంబరు ఖాతాలో పడుతుంది. అంటే పదేళ్లు ఆమె జీతంలోంచే ఈఎంఐ కట్ అయినా, పాలసీ ఆయన పేరున ఉంటే చెక్కు ఆయనకే. ఆమె వాటా రావాలంటే అది వాళ్లిద్దరి ఒప్పందంలో ఉండాలి.

కాబట్టి పరస్పర అంగీకారంతో విడాకులకి వెళ్తుంటే, కోర్టులో వేసే షరతుల కాగితంలో ఈ నాలుగు ముక్కలు చేర్పించమని వకీలుగారికి చెప్పండి: "ఇరుపక్షముల పేర గల ఫలానా నంబరు గృహరుణమునకు సంబంధించి, ఫలానా నంబరు ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ సరెండర్ చేయగా వచ్చు మొత్తము ఇరువురికి సమానముగా చెందవలెను. అందుకు కావలసిన సంతకములు, ఓటీపీలు, పత్రములు రెండవ పక్షము అడిగిన ఏడు దినములలో ఇవ్వవలెను. సరెండర్ చేయని పక్షమున నామినీ పేరు ముప్పది దినములలో మార్చవలెను." ఓటీపీ మాట తప్పకుండా ఉండాలి. మాటామంతీ లేని మనుషుల మధ్య పని ఆగిపోయేది అక్కడే.

ఈ ఒప్పందం మీ ఇద్దరి మధ్యే చెల్లుతుంది, బ్యాంకు మీద చెల్లదు. ఇకమీదట ఈఎంఐ ఆయనే కట్టాలని డిక్రీలో ఉన్నా, ఆయన మానేస్తే బ్యాంకు ఆమెకీ నోటీసు పంపుతుంది. కో-బారోయర్‌గా (లోన్‌లో రెండో అప్పుదారుగా) ఉన్న పేరు తీయించుకునేదాకా ఆ బాధ్యత తప్పదు. పేరు తీయాలంటే మిగిలిన ఒక్కరి ఆదాయం మీద లోన్ నిలబడుతుందని బ్యాంకు తేల్చుకోవాలి. ఎక్కువసార్లు పాతది మూసి కొత్త లోన్ పెడతారు. అప్పుడు కొత్త లోన్‌కి కొత్త ఇన్సూరెన్స్ ఫారం మళ్లీ ముందుకొస్తుంది. ఇన్సూరెన్స్ తీసుకుంటేనే లోన్ అని ముడిపెట్టడానికి వీల్లేదని రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది. పాత పాలసీ మీ పేరునే ఉంటే అదే కొనసాగించమని అడగండి.

పని జరగవలసిన వరస

వరస తప్పితే పని రెండింతలవుతుంది. ముందు కేవైసీ సరిచేసుకోండి. బ్యాంకులోను, ఇన్సూరెన్స్ కంపెనీలోను మీ ఫోన్ నంబరు, మెయిల్, చిరునామా మీవేనా? చాలా ఇళ్లల్లో భార్య పాలసీకీ భర్త నంబరే ఇచ్చి ఉంటారు. సరెండర్ పెట్టిన క్షణాన ఓటీపీ ఆయన ఫోన్‌కి పోతుంది.

తర్వాత డబ్బు పడవలసిన ఖాతా. జాయింట్ ఖాతా ఇవ్వకండి. మీ ఒక్కరి పేరున ఖాతా తెరిచి, పేరు అచ్చయిన క్యాన్సిల్ చెక్కు జతచెయ్యండి.

ఆ తర్వాత లోన్ సంగతి. ఫ్లోటింగ్ వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న హోమ్ లోన్ ముందుగా మూసేస్తే పెనాల్టీ లేదు, అడిగితే కట్టకండి. మూసే రోజున నో డ్యూస్ సర్టిఫికెట్, ఖాతా మూసిన ఉత్తరం తీసుకోండి. ఒరిజినల్ దస్తావేజులు 30 రోజుల్లో ఇవ్వాలి. 2023 డిసెంబరు 1 నుంచి ఉన్న నియమం ప్రకారం ఆలస్యం బ్యాంకు వల్ల అయితే రోజుకి 5,000 రూపాయలు మీకు కట్టాలి. తాకట్టు కాగితం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరై ఉంటే దాని రద్దు కూడా అక్కడే రిజిస్టర్ చేయించి, ఈసీ (ఆస్తి మీద తాకట్టులున్నాయో లేదో చూపే సర్టిఫికెట్) తీసి చూసుకోండి.

లోన్ మూసిన అదే రోజు, బ్యాంకు మెట్లు దిగకముందే, సరెండర్ ఉత్తరం ఇచ్చెయ్యండి. ఫారం, సర్టిఫికెట్, ఖాతా మూసిన ఉత్తరం, పాన్, ఆధార్ కాపీలు, క్యాన్సిల్ చెక్కు. రెండు సెట్లు చెయ్యండి. ఒకటి బ్రాంచిలో ఇచ్చి మీ కాపీ మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. రెండోది ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్‌లోను, రిజిస్టర్డ్ పోస్టులోను పంపండి. ఎందుకు రెండుచోట్లంటే, బ్రాంచిలో "అది కంపెనీ చూసుకుంటుందమ్మా, మా చేతిలో లేదు" అంటారు. కంపెనీకి ఫోన్ చేస్తే "మాస్టర్ పాలసీ బ్యాంకుదండి, వాళ్ల దగ్గర్నుంచి రావాలి" అంటారు. రేవు ఈ గట్టున మీరుంటే పంటు ఎప్పుడూ ఆ గట్టునే ఉన్నట్టుంటుంది. ఇద్దరి దగ్గరా ముద్రలున్న కాగితం ఉంటే ఆ ఆట సాగదు.

ఉత్తరం పొడుగ్గా అక్కర్లేదు: "ఫలానా లోన్ ఖాతా ఫలానా తేదీన పూర్తిగా చెల్లించి మూసివేశాను. దానికి జతచేసిన ఫలానా నంబరు సర్టిఫికెట్ ఈ తేదీ నుంచి సరెండర్ చేస్తున్నాను. సరెండర్ మొత్తం ఎలా లెక్కగట్టారో వివరంగా రాసి తెలియజేసి, జతపరిచిన చెక్కు ప్రకారం నా ఖాతాలో జమ చేయగలరు." విడిపోయిన కథ అందులో రాయకండి. రాస్తే డిక్రీ కాపీ తెమ్మంటారు, అక్కడ ఇంకో నెల.

ఎక్కువగా ఆగిపోయేది పేర్ల దగ్గర

పాన్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, సర్టిఫికెట్‌లో రెండూ కాకుండా పొడి అక్షరం ఒకటి. మన ప్రాంతంలో ఆడవాళ్ల పాలసీలు సగం ఇక్కడే తిరిగొస్తాయి. విడాకుల తర్వాత ఇంటిపేరు మార్చుకోవాలనుకుంటే ఈ డబ్బు వచ్చేదాకా ఆగండి. ఇప్పటికే మార్చుకుని ఉంటే, రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ చేయించి ముందుగానే జతచెయ్యండి.

చిరునామాలో జిల్లా పేరు ఇంకో తలనొప్పి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. సర్టిఫికెట్‌లో రాజోలు, తూర్పు గోదావరి జిల్లా అని ఉంటుంది, ఆధార్‌లో కోనసీమ జిల్లా. కైకలూరువాళ్లకి కృష్ణా జిల్లా పోయి ఏలూరు వచ్చింది. కంపెనీ ఆఫీసు ముంబైలోనో ఇంకెక్కడో ఉంటుంది, వాళ్లకి ఇది రెండు ఊళ్లలా కనబడుతుంది. ఉత్తరంలో "జిల్లాల పునర్వ్యవస్థీకరణ వల్ల జిల్లా పేరు మారింది, చిరునామా అదే" అని ఒక వాక్యం వేస్తే సరిపోతుంది.

మెంబరు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటే ఫారం మీద సంతకం అక్కడి భారత రాయబార కార్యాలయంలో అటెస్ట్ చేయించి ఒరిజినల్ పంపించాలి. ఇక్కడున్న అమ్మకో అన్నకో పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే, ఆ కాగితం దేశానికి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. అందులో "ఇన్సూరెన్స్ సరెండర్ చేసి డబ్బు తీసుకొనుటకు" అన్న మాటలు స్పష్టంగా ఉండాలి. ఇల్లు అమ్మడానికి రాసిన పవర్ దీనికి పనికిరాదంటారు.

అసలు అడగకుండానే అంటగట్టి ఉంటే

ఇది సరెండర్ కాదు, ఫిర్యాదు. అడగవలసింది మొత్తం ప్రీమియం, దాని మీద కట్టిన వడ్డీతో సహా. ప్రపోజల్ ఫారం కాపీ అడగండి. సంతకం మీది కాకపోతే, ఆరోగ్య ప్రశ్నలకి మీరు చెప్పని జవాబులు టిక్కు పెట్టి ఉంటే, ఆ తేదీన మీరు ఊళ్లోనే లేకపోతే మీ పక్షాన బలం ఉన్నట్టే. భర్త లోన్‌లో పేరుకి కో-బారోయర్‌గా సంతకం పెట్టిన భార్య పేరున, ఆదాయమే లేకపోయినా, పాలసీ చేసినవి ఇలాగే బయటపడతాయి. ఎప్పుడో తెలిసీ ఊరుకుని, ఏళ్ల తర్వాత అడిగితే కేసు పలచబడుతుంది. తెలిసిన తేదీ, ఎలా తెలిసిందో ఉత్తరంలో రాయండి.

కదలకపోతే

కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాసి రెండు వారాలు చూడండి. తర్వాత ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ కంపెనీలని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) వారి బీమా భరోసా పోర్టల్‌లో నమోదు చెయ్యండి, లేదా 155255కి ఫోన్ చెయ్యండి. అక్కడ నమోదైన నంబరుతో చాలావరకు కదలిక వస్తుంది.

కంపెనీకి రాసి నెల దాటినా జవాబు లేకపోతే, లేదా వచ్చిన జవాబు నచ్చకపోతే, ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు. మన రెండు తెలుగు రాష్ట్రాలతో పాటు యానాంకి కూడా ఆఫీసు హైదరాబాద్ లక్డీకాపూల్‌లోనే. యానాం పుదుచ్చేరిది కదా అని చెన్నైకి పంపితే తిరిగొస్తుంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు. గ్రూప్ పాలసీ మెంబర్లూ వెళ్లవచ్చు. కాగితాలన్నీ అందిన మూడు నెలల్లో తేల్చాలి.

తప్పు బ్యాంకుదైతే, అంటే అనుమతి లేకుండా ప్రీమియం కోసెయ్యడం, చిన్న లోన్ ఖాతా దాచిపెట్టడం, మీ ఉత్తరం కంపెనీకి పంపకపోవడం లాంటివైతే, బ్యాంకుకి రాసిన 30 రోజుల తర్వాత రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పెట్టండి. సమాచారానికి 14448. రెండు అంబుడ్స్‌మన్లకీ ఒకే కాగితం పంపకండి, ఎవరి తప్పు వారి దగ్గర విడిగా రాయండి. ఇవీ కాకపోతే కాకినాడ, రాజమండ్రి, ఏలూరు వినియోగదారుల కమిషన్లున్నాయి. కారణం పుట్టిన రెండేళ్లలో వెయ్యాలి, మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మీరు ఇప్పుడు ఉంటున్న ఊరి పరిధిలోనే వెయ్యవచ్చు. పుట్టింటికి వచ్చేసిన ఆమె అత్తగారి ఊరి కమిషన్‌కి వెళ్లనక్కర్లేదు.

సరెండర్ దరఖాస్తు పెట్టిన వారంలోపు "మీ పాలసీకి బోనస్ వచ్చింది, ఫైలు కదలాలంటే చార్జీ కట్టండి" అని హిందీ కలిపిన తెలుగులో ఫోన్ వస్తే పెట్టెయ్యండి. ఐఆర్‌డీఏఐ ఎవరికీ అలా ఫోన్ చెయ్యదు, ఈ పాలసీల మీద బోనస్ అన్నదే ఉండదు.

డబ్బు పడ్డాక కంపెనీ ఇచ్చిన లెక్క కాగితంతో పోల్చి చూడండి. ముఖ్యంగా ఏ తేదీ నుంచి మిగిలిన నెలలు లెక్కబెట్టారో చూడండి. మీ ఉత్తరం మీద బ్రాంచి ముద్ర తేదీ ఒకటి, వాళ్లు వేసిన తేదీ మూడు నెలల తర్వాతది అయితే ఆ తేడా అడగండి. రెండు నెలలాగి సిబిల్ రిపోర్టు తీసి, పెద్ద ఖాతా చిన్న ఖాతా రెండూ మూసినట్టు ఉన్నాయో లేదో చూసుకోండి.